తెగని గీత

టీ వేళకి మీటింగు పెట్టడమంటే జోస్లిన్‌కి ఒళ్ళు మంట. ఏడ్రియన్ మాత్రం ప్రతి సోమవారం పదిన్నరకి "టీ తాగుతూ మాట్లాడుకుందాం" అంటాడు. కాసేపటికి టీ చల్లారిపోతుంది, మాటలు మాత్రం తెమలవు.

హోబార్ట్ రేవు దగ్గర పాత జామ్ ఫ్యాక్టరీ పై అంతస్తులో వాళ్ళ ఆఫీసు. కిటికీలోంచి చూస్తే కొండ నెత్తిన మంచు, ఇక్కడ జూలై అంటే నడి చలికాలం. కంపెనీ మూడు రకాల ప్రోగ్రాములు అమ్ముతుంది. ఆపిల్ పళ్ళ కోల్డ్ స్టోరేజీలకొకటి, ఆనకట్టలకొకటి, సాల్మన్ చేపపిల్లల్ని పెంచే హేచరీలకొకటి. మూడింటికీ ఎక్కడో పెట్టిన యంత్రాల నుంచి అంకెలొస్తాయి. మూడింటికీ ఆ అంకెల్ని తెర మీద గీతగా గీసి చూపించే గ్రాఫు కావాలి. మూడుసార్లు రాసే బదులు ఒక్కసారి రాసి, ఏ ప్రోగ్రాములో తగిలిస్తే ఆ ప్రోగ్రాములో ఇమిడిపోయే ముక్క ఒకటి చెయ్యమని జోస్లిన్‌కి చెప్పారు. ఆఫీసులో దాన్ని గ్రాఫు ముక్క అంటారు. చెప్పడానికి ఒక్క వాక్యం. ఆ వాక్యంతో ఆమె నాలుగేళ్ళుగా కాపురం చేస్తోంది.

అందరికీ పనికొచ్చే వస్తువంటే అందరూ వేలు పెట్టే వస్తువని ఆమెకి మొదటి ఏడాదే అర్థమైంది. ఒకరికి గీత వెనక గళ్ళు కావాలి, ఇంకొకరికి వద్దు. వాదించే ఓపిక లేక, సెట్టింగుల కిటికీలో ఒక టిక్కు పెట్టి, కావలసినవాళ్ళు పెట్టుకోండి, వద్దనేవాళ్ళు తీసేసుకోండి అనేది. ఇప్పుడా టిక్కులు అరవై మూడు. ప్రతి టిక్కు వెనకా ఒక మనిషి మొహం ఆమెకి కనిపిస్తుంది. అందులో సగం మొహాలు మళ్ళీ చూడాలని లేదు.

"గీత మీది చుక్కలు గుండ్రంగా కాకుండా ఆపిల్ ఆకారంలో ఉంటే ఎలా ఉంటుందంటావ్?" అంది కోల్డ్ స్టోరేజీల లినెట్.

"ఎవరడిగారు?"

"కస్టమర్లు అడుగుతున్నారు."

"ఎంతమంది?"

"ఒకాయన."

"పేరు?"

లినెట్ లామింగ్టన్ కేకు మీది కొబ్బరి పొడి వేలితో దులిపింది. "సరే, నేనే అడుగుతున్నాననుకో."

ఆనకట్టల సంగతి చూసే కాజ్ తన ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు. వాళ్ళ తాత పోలండ్ నుంచొచ్చి కొండల్లో ఆనకట్టలు కట్టినవాడు. అందుకని ఈ ద్వీపంలోని నీళ్ళన్నీ వాళ్ళ ఇంటి ఆస్తి అన్నట్టు మాట్లాడతాడు.

"మా పై సరస్సు గీత చూడు. స్కేలు పెట్టి గీసినట్టు లేదూ? పది రోజులుగా వెంట్రుకవాసి కదల్లేదు. ఇంత అందమైన గీతని దారప్పోగులా చూపిస్తే ఎలా? కాస్త లావు చెయ్యి."

"లావుకి ఇప్పటికే ఒక టిక్కు ఉంది, కాజ్."

"అది లావు. నేనంటున్నది బాగా లావు."

జోస్లిన్ కాగితం మీద 'బాగా లావు' అని రాసి కింద గట్టిగా గీత కొట్టింది. పెన్సిలు ముక్కు విరిగింది.

అందరూ కప్పులు తీసుకుని లేస్తుంటే ఏడ్రియన్ ఆమె ముందు ఒక లేఖ పెట్టాడు. "చిన్న సంతకం. హువాన్ లోయలో మన హేచరీ కస్టమరుంది కదా. శనివారం మధ్యాహ్నం ఫ్యూజు పోయి, నీళ్ళకి గాలి కొట్టే మోటార్లు ఆగి మూడు తొట్ల పిల్లలు చచ్చిపోయాయి. షిఫ్టులో ఉన్నాయన అర్ధగంటకోసారి తెర చూసి ఆక్సిజన్ అంకె పుస్తకంలో రాయాలి. రాశాడు. కానీ ఆక్సిజన్ కొలిచి అంకెలు పంపే మన పెట్టె కూడా అదే ఫ్యూజు మీద నడుస్తుంది, అదీ ఆగిపోయింది. పెట్టె పంపిన అంకెలు దాచే ఫైల్లో ఒంటిగంట నుంచి ఒక్కటీ లేదు, అంతా ఖాళీ. మరి ఆయన రాసినవి ఎక్కడివి? గురువారం విచారణ పెట్టారు. ఫైల్లో లేని అంకె తెర మీద కనబడే వీలు లేదని మనం రాసివ్వాలి."

లేఖకి పుస్తకంలో పేజీ జిరాక్సు జతచేసి ఉంది. ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఏడు వరుసలు. ఏడింట్లోనూ 9.24. గుండ్రటి, ఒద్దికైన చేతిరాత.

కాజ్ ఆమె భుజం మీంచి తొంగి చూశాడు. "కనీసం అబద్ధమైనా మార్చి మార్చి రాయకూడదూ. ఒక 9.3, ఒక 9.1. బద్ధకం చూడు."

లినెట్ నవ్వింది. జోస్లిన్ కూడా నవ్వింది. "ఫైల్లో లేని అంకె తెర మీదికి ఎక్కడినుంచొస్తుంది, ఆకాశంలోంచా?" అంటూ నిలబడే సంతకం పెట్టేసింది. ఆమె ధ్యాసంతా చల్లారిన టీ మీద ఉంది.

మంగళవారం అంతా ఆపిల్ చుక్కలతో గడిచింది. చిన్నవి చేస్తే టమాటాల్లా కనిపిస్తున్నాయి, పెద్దవి చేస్తే గీత కనబడటం లేదు. లినెట్ మూడుసార్లు వచ్చి చూసి, మూడుసార్లూ తొడిమ గురించే మాట్లాడింది.

బుధవారం 'బాగా లావు' వంతు. జోస్లిన్ బల్ల మీద పరీక్షలకి వాడే పెట్టె ఒకటి ఉంటుంది. దాని వైరు చివర ఉన్న గొట్టాన్ని గ్లాసు నీళ్ళలో ముంచితే, నీళ్ళలో ఆక్సిజన్ ఎంతో అయిదు సెకన్లకోసారి కంప్యూటరుకి పంపిస్తుంది. గీత లావు చేసి చూసింది. ఇంకాస్త చేసింది. ఇప్పుడది పళ్ళపేస్టు పిండినట్టుంది. కాజ్‌కి కచ్చితంగా నచ్చుతుంది.

చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. కాళ్ళ దగ్గర హీటరు పెట్టుకుందామంటే ప్లగ్గుకి చోటు లేదు. పెట్టె ప్లగ్గు పీకి హీటరు పెట్టి, కిందికెళ్ళి సాసేజ్ రోల్ కొనుక్కుంది. మెట్ల మీద ఎవరో పట్టుకుని ఫుట్‌బాల్ పందేల గురించి పావుగంట బుర్ర తిన్నారు. తిరిగొచ్చి కూర్చుని రోల్ కొరికి తెర వైపు చూసింది.

గీత నడుస్తోంది.

ప్లగ్గు నేల మీద ఉంది. పెట్టె మీద దీపం ఆరిపోయి ఉంది. తెర మీద లావుపాటి గీత మాత్రం నిక్షేపంగా కుడి అంచు దాకా వస్తోంది. పక్కన పెద్ద అక్షరాల్లో 8.87. ఆమె గ్లాసులోంచి గొట్టం తీసి బల్ల మీద పెట్టింది. 8.87. పెట్టెకీ కంప్యూటరుకీ మధ్య వైరు కూడా పీకేసింది. 8.87. ఫైలు తెరిచింది. ఇరవై నిమిషాలుగా అందులో ఏమీ లేదు.

రోల్ పక్కన పెట్టేసింది.

సెట్టింగుల కిటికీ తెరిచి కిందికి, ఇంకా కిందికి జరిపింది. నలభై ఏడో టిక్కు: 'కొత్త అంకె వచ్చేదాకా పాత అంకెతో నడిపించు.' టిక్కు పెట్టి ఉంది. ముక్కని ఎవరు ఎక్కడ తగిలించినా ముందే పెట్టి ఉండే టిక్కుల్లో అదొకటి. తను మొదట రాసినప్పుడు అంకె రాకపోతే గీత తెగిపోయేది. రెండేళ్ళ కిందట లాన్సెస్టన్ ప్రదర్శనలో వైరు బాగోక గీత తెగి తెగి వస్తుంటే, ఏడ్రియన్ స్టాల్లోంచి ఫోన్ చేసి "మన ప్రోగ్రామే పాడైనట్టుంది, ఈ రెండ్రోజులకీ ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. చేసింది. రెండు రోజుల తరవాత తీసెయ్యాలని ఎక్కడో కాగితం మీద రాసుకుంది కూడా. ఆ కాగితం ఏమైందో దేవుడికే తెలియాలి.

ఏడు వరుసల 9.24. ఆయన ఏడుసార్లూ వెళ్ళి చూశాడు. ఉన్నది ఉన్నట్టు రాశాడు. తను నవ్వింది.

ఏడ్రియన్ గదిలోకి ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి చూపించింది. అతను చాలాసేపు ముక్కు రుద్దుకున్నాడు.

"వచ్చే వెర్షన్లో సరిచేద్దాం," అన్నాడు.

"లేఖ సంగతి?"

"అది వెళ్ళిపోయింది కదా. అయినా అందులో తప్పేముంది, ఫైల్లో అంకె లేదు, నిజమే."

"రెండో వాక్యం కూడా ఉంది. తెర మీద కనబడే వీలు లేదని."

"జోస్, లాయరుని అడక్కుండా ఏం మాట్లాడినా మూడు తొట్ల చేపలూ మన నెత్తిన పడతాయి. వారం రోజులు టైమియ్యి."

"విచారణ రేపు. వారం తరవాత ఆయనకి ఉద్యోగం ఉండదు. ఈ లోయలో దొంగ లెక్కలు రాసినవాడని పేరు పడ్డాక ఇంకో హేచరీ కూడా పెట్టుకోదు."

"నువ్వు వెళ్తే కంపెనీ తరఫున వెళ్ళినట్టవుతుంది."

"కంపెనీ కారు తీసుకెళ్ళను లే. సంతకం పెట్టినదాన్ని కాబట్టి వెళ్తున్నాను."

"నిన్ను వెళ్ళమని నేనన్లేదు," అన్నాడు ఏడ్రియన్. ల్యాప్‌టాప్ మూసి ఆమె చేతికిచ్చి, "వద్దని కూడా అన్లేదు," అన్నాడు. ఆమెకి ఆ క్షణాన అతని మొహాన టీ కొట్టాలనిపించింది.

గురువారం పొద్దున్నే తన పాత కారులో బయల్దేరింది. లోయ పొడుగునా పొగమంచు. రోడ్డు పక్క ఆపిల్ బడ్డీలన్నీ మూసి ఉన్నాయి. హేచరీ గేటు దగ్గర కాళ్ళకి రబ్బరు బూట్లిచ్చి, మందు నీళ్ళ తొట్టిలో ముంచి నడవమన్నారు.

విచారణ భోజనాల గదిలో. మేనేజరు కార్మెల్, పొట్టి మనిషి, జుట్టు బిగించి కట్టుకుని, ముందు ఆ లేఖ పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా ఆ ఏడు వరుసలూ రాసిన డెస్ క్విల్టీ. అరవై దగ్గర పడ్డ మనిషి. ఉన్ని టోపీ చేతుల్లో పట్టుకుని దారాలు ఒక్కొక్కటీ సరిచేస్తున్నాడు.

"లేఖ రాసింది మీరేనా?" అంది కార్మెల్. "మీరు రావక్కర్లేదే. అంతా స్పష్టంగానే ఉంది."

"ముందు షెడ్డులోకి వెళ్దామండి. అరగంట చాలు."

"నాకు అరగంట లేదు."

"ఆయన మాట వినడానికి ఇరవై నిమిషాలైనా పెట్టుకుని ఉంటారు కదా, అదిచ్చినా సరే."

కార్మెల్ ఆమెని ఎగాదిగా చూసి, కుర్చీ వెనక్కి నెట్టింది.

షెడ్డులో తొట్లకి గాలి కొట్టే తొమ్మిది బ్లోయర్ల హోరు. పక్క మనిషి మాట వినాలంటే చెవి దగ్గర పెట్టాలి. బతికున్న తొట్లలో వేలెడంత పిల్లలు నీళ్ళకి ఎదురీదుతూ ఒకే చోట నిలబడి ఉన్నాయి. మూడు తొట్లు ఎండబెట్టి బోర్లించినట్టు వెలవెలబోతున్నాయి. మూలన బల్ల మీద కంప్యూటరు, పక్కన తాడుకి కట్టిన పెన్సిలు, పుస్తకం. తెర మీద జోస్లిన్ గీత.

"డెస్, చేతి మీటరు తీసుకుని నాలుగో తొట్టి దగ్గర నిలబడతారా? మీటరు నీళ్ళలోంచి తియ్యకండి. కాస్త తగ్గినా కేకెయ్యండి," అంది జోస్లిన్. తరవాత కార్మెల్‌తో, "మీరు అయిదు నిమిషాలకోసారి తెర చూసి నాలుగో తొట్టి అంకె పుస్తకంలో రాయండి. అంతే."

"నేనెందుకు రాయాలి?"

"ఆయన రాస్తే మీరు నమ్మటం లేదు కదా."

కార్మెల్ మూతి బిగించి పెన్సిలు అందుకుంది. జోస్లిన్ గోడ వెనక్కి వెళ్ళింది. తొమ్మిదీ ఇరవైకి కార్మెల్ వంగి చూసి 9.31 రాసింది. ఇరవై అయిదుకి 9.31. చేతులు కట్టుకుని బూటుతో నేల తడుతూ నిలబడింది. ముప్ఫైకి మళ్ళీ వంగింది, 9.31 రాసింది. పైన రెండు వరుసలూ చూసుకుంది. పెన్సిలు కాగితం మీదే ఆగిపోయింది.

జోస్లిన్ గోడ వెనకనుంచి వచ్చి, చేతిలో ఉన్నది బల్ల మీద పెట్టింది. నాలుగో తొట్టి అంకెలు పంపే పెట్టె వైరు, ప్లగ్గుతో సహా.

"ఇది తొమ్మిదీ పద్దెనిమిదికే పీకాను. ఫైలు తెరవండి. అప్పట్నుంచీ ఖాళీగా ఉంటుంది."

కార్మెల్ తెరిచింది. ఖాళీ. తెర మీద గీత అంచు దాకా నడుస్తూనే ఉంది. ఆమె పుస్తకంలో తన చేతిరాతని ఒకసారి, ముందు పేజీలో డెస్ చేతిరాతని ఒకసారి చూసింది. చెవుల దాకా ఎర్రబడింది.

"ఇలా ఎవరు చేశారు?" అంది చివరికి.

"నేనే. లేఖ కూడా నేనే. సోమవారం సంతకం పెట్టేటప్పుడు పరీక్షించి చూళ్ళేదు. అదిటివ్వండి."

కార్మెల్ లేఖ అందించింది. "చింపేస్తారా?"

"వద్దండి, ఉండనివ్వండి." జోస్లిన్ తాడు పెన్సిలు పక్కకి నెట్టి తన పెన్నుతో రెండో వాక్యం కొట్టేసింది. పక్కన 'ఇది తప్పు. కనబడుతుంది. మా గ్రాఫే చూపించింది' అని రాసి, తారీకు వేసి సంతకం పెట్టింది. ఈసారి కూర్చుని పెట్టింది.

డెస్ తొట్టి దగ్గరనుంచి కదల్లేదు. మీటరు ఇంకా నీళ్ళలోనే ఉంది. వాళ్ళిద్దరూ అతని దగ్గరికి వెళ్ళారు.

"అబద్ధం రాశావన్న మాట తీసేస్తున్నాను డెస్," అంది కార్మెల్.

"మంచిది. మిగతాది ఉంచు."

"మిగతాది ఏంటి?"

అతను నీళ్ళ వైపే చూస్తూ చెప్పాడు. "మూడింటికి పిల్లలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. చూశాను. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను, అలా తెరిస్తే ఏంటో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. వెళ్ళి తెర చూశాను. 9.24. మళ్ళీ వచ్చి వాటిని చూశాను. మళ్ళీ వెళ్ళి తెర చూశాను. ఈ మీటరు అప్పుడు అదిగో, ఆ మేకుకే వేలాడుతోంది. ముంచితే అయిపోయేది. ముంచలేదు."

డెస్ జోస్లిన్ వైపు తిరిగాడు.

"మార్చిలో మీ వాళ్ళకి ఫోన్ చేశానమ్మాయ్. వైర్లు తీసి నేల కడిగినప్పుడల్లా గీత మరీ తిన్నగా పోతోందీ, ఏదో తేడాగా ఉందీ అని. తప్పేం లేదు, అలాగే చేశాం అని కబురొచ్చింది. చదువుకున్నవాళ్ళు చెప్పారు కదా అని ఊరుకున్నాను."

ఆ కబురు రాసింది జోస్లినే. ఆ రోజు అలాంటి ఫిర్యాదులు పదకొండు వచ్చాయి, పదకొండింటికీ అదే సమాధానం పెట్టి భోజనానికి వెళ్ళింది. "ఆ కబురు కూడా నాదే," అంది.

డెస్ తల ఊపాడు. కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

"అంత నున్నగా ఎందుకు గీశావు?" అన్నాడు.

"చూడ్డానికి బాగుంటుందని."

"బాగానే ఉంది," అన్నాడు డెస్. మీటరు నీళ్ళలోంచి తీసి, చొక్కా అంచుతో తుడిచి, మేకుకి తగిలించబోయి, ఆగి, తాడు మెళ్ళో వేసుకున్నాడు.

"సోమవారం ఏడింటికి రా," అంది కార్మెల్ అతని వైపు చూడకుండా. "ఆ వైరు పెట్టెయ్యండి," అంది జోస్లిన్‌తో.

శుక్రవారం ఏడ్రియన్ మీటింగు పెట్టకముందే జోస్లిన్ పెట్టింది, అదీ టీ వేళ కాకుండా తొమ్మిదింటికి. పొద్దున ఆరింటికే వచ్చి కూర్చుంది. నలభై ఏడో టిక్కు తీసేసింది. దాని వెనక రాసినదంతా కూడా తుడిచేసింది. అంకె రాకపోతే గీత తెగుతుంది, పక్కన పెద్ద అంకె ఉండే చోట ఖాళీగా ఉంటుంది.

ఏడ్రియన్ నీరసంగా ఉన్నాడు. హేచరీనుంచి కార్మెల్ ఫోన్ చేసి అరగంట వాయించిందట. "సరే, మార్చావు. మంచిదే. కానీ పాతది కావాలనేవాళ్ళ కోసం ఒక టిక్కు ఉంచితే ఏం పోతుంది? కావలసినవాళ్ళు పెట్టుకుంటారు."

"ఉంచను."

"ఒక్క టిక్కు, జోస్."

"నన్ను తీసేసి ఇంకెవరినైనా పెట్టుకుని ఉంచుకో. నేను మాత్రం ఉంచను."

ఆ గదిలో ఆమె కాదనడం అదే మొదటిసారి. లినెట్ తన ఆపిల్ చుక్కల సంగతి ఎత్తబోయి మానుకుంది.

కాజ్ ఈలోగా కొత్త ముక్కని తన ప్రోగ్రాములో తగిలించుకుని చూస్తున్నాడు. విసుగ్గా నాలిక చప్పరించాడు. "నా గీత పాడుచేశావు. ఏదీ, సరస్సు మొత్తం పోయింది. ఈ మూల కాస్త తోక కనిపిస్తోంది, మిగతాదంతా తెల్లగా ఉంది. ఇదేనా బాగుచెయ్యడం?"

"ఏ సరస్సు?"

"పైది. మొన్న చూపించానే. స్కేలు పెట్టి గీసినట్టు..."

మాట మధ్యలో ఆగిపోయింది. తెర మీదికి వంగి, వేలుతో తారీకులు లెక్కపెట్టుకున్నాడు. తోక తెగింది పద్నాలుగు రోజుల కిందట, అప్పట్నుంచీ సరస్సునుంచి ఒక్క అంకె రాలేదు. ఆ తరవాత పై లోయలో రెండుసార్లు మంచు కురిసి కరిగింది, మొన్నంతా వాన. కాజ్ లేచి నిలబడి జేబులు తడుముకున్నాడు. ఫోన్ బల్ల మీదే ఉంది. లినెట్ అందించింది.

"బ్రూస్? కాజ్‌ని. నువ్వు ఆనకట్ట దగ్గరే ఉన్నావా? ఓసారి బయటికెళ్ళు మేట్. గోడ పక్కన నీళ్ళలో రంగుల కొలకర్ర ఉంటుంది చూడు, నీళ్ళు ఎంత దాకా ఉన్నాయో చెప్పు. లేదు, తెర మీద ఎంతుందో నాకు తెలుసు. తెర మాటొద్దు. బూట్లేసుకుని వెళ్ళి, నీ కళ్ళతో చూసి చెప్పు. నేను లైన్లోనే ఉంటాను."

ఫోన్‌లోంచి తలుపు చప్పుడు, గాలి, కంకర మీద అడుగులు వినిపిస్తున్నాయి. ఏడ్రియన్ కప్పు కింద పెట్టాడు. నలుగురూ బల్ల చుట్టూ నిలబడి ఆ అడుగులు వింటున్నారు.